దర్శనానికి వచ్చినవారికి చంద్రగిరి కోటను కూడా చూపించండి
పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

తిరుమల ఆలయ మహాద్వారం దాటగానే మండపంలో చేతులు జోడించి నిలబడిన శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలు కనిపిస్తాయి. అక్కడే అచ్యుతరాయలు, వేంకటపతిరాయల విగ్రహాలు కూడా ఉన్నాయి. వరుసలో వెనకనుంచి జనం నెట్టుకొస్తుంటే భక్తులు వాటికి ఒక దండం పెట్టి ముందుకు సాగిపోతారు. ఆ రాజుల చరిత్రతో ముడిపడిన కోట తిరుపతికి 15 కిలోమీటర్ల లోపే ఉందని వారిలో చాలామందికి తెలియదు. తెలిసినవారికి కూడా అక్కడికి వెళ్లి ఏం చూడాలో చెప్పేవారు దొరకరు. ఈ లేఖ ఆ కోట గురించే.

చంద్రగిరి చిన్న ఊరే. దాని చరిత్ర మాత్రం చిన్నది కాదు. అన్నమయ్య కీర్తనలు విని ఆయనను తన కొలువుకు పిలిపించుకున్నాడని చెప్పుకొనే సాళువ నరసింహుడు మొదట చంద్రగిరి ప్రభువు. 1485లో విజయనగర సింహాసనాన్ని చేజిక్కించుకొని పతనమవుతున్న రాజ్యాన్ని నిలబెట్టింది ఆయనే. అచ్యుతరాయలు 1529లో రాజు కావడానికి ముందు ఈ కోటలోనే నిర్బంధంలో గడిపాడు. 1565లో విజయనగరం కూలిపోయాక రాజధాని పెనుకొండకు, ఆ తర్వాత చంద్రగిరికి తరలింది. 1614 వరకు రాజ్యమేలిన వేంకటపతిరాయలు చాలాకాలం ఇక్కడే కొలువుతీరాడు. ఆయన కొలువుకు యూరప్ నుంచి జెసూట్ పాద్రీలు వచ్చిపోయారు. ఒక మహాసామ్రాజ్యపు చివరి అధ్యాయం నడిచిన చోటు ఇది.

ఇక రాజమహల్. సందర్శకులకు చెప్పకుండా వదిలేస్తున్న గొప్ప సంగతి ఈ కట్టడంలోనే ఉంది. హంపీ వెళ్లినవారికి గుర్తుండే ఉంటుంది, అక్కడ రాజుల నివాసాలున్న చోట ఇప్పుడు కనిపించేవి ఎత్తైన రాతి అరుగులు మాత్రమే. పైభాగం కలపతో కట్టినది కావడంతో అంతా పోయింది. చంద్రగిరిలో మూడు అంతస్తుల మహలు పైకప్పుతో, శిఖరాలతో నేటికీ నిలిచి ఉంది. దీని నిర్మాణంలో కలప వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. కమానులు ఒకదాని బరువును మరొకటి అందుకుంటూ పై అంతస్తులను మోస్తున్నాయి. ముందునుంచి చూస్తే కమానులు సుల్తానుల కట్టడాలను తలపిస్తాయి. తల ఎత్తి చూస్తే పైనున్న శిఖరాలు గుడి విమానంలా మెట్లుమెట్లుగా లేస్తాయి. రెండు సంప్రదాయాల మేస్త్రీల పనితనం ఒకే గోడలో కలిసిపోయింది. విజయనగర రాజుల నివాసం ఎలా ఉండేదో పైకప్పుతో సహా చూడగలిగే చోట్లు దేశంలో చాలా కొద్ది, వాటిలో ఇదొకటి.

ఈ మాట చెప్పేవారు లేకపోతే ఏమవుతుందో కళ్లారా చూశాను. ఒక పెద్దాయన మనవడిని వెంటబెట్టుకొని మహలు ముందు నిలబడ్డారు. "ఇది ఎవరి ఇల్లు తాతయ్యా?" అని అడిగాడు పిల్లవాడు. "రాజులది నాన్నా" అన్నారాయన. "ఏ రాజులది?" అంటే ఆయన దగ్గర జవాబు లేదు. చుట్టూ చూశారు, ఎవరినైనా అడుగుదామని. ఎవరూ కనిపించలేదు. ఫోటో దిగి, లోపల ఒక చుట్టు చుట్టి వెళ్లిపోయారు. ఆ పొద్దున్నే వాళ్లు తిరుమలలో వేంకటపతిరాయల విగ్రహం ముందునుంచే నడిచి వచ్చి ఉంటారు. ఆయన ఇంటి గుమ్మంలో నిలబడి కూడా ఆయన పేరు తెలియకుండానే తిరిగి వెళ్లారు. నా మనసు చివుక్కుమన్నది.

అందుకే నా మొదటి విన్నపం మనుషుల గురించి. చంద్రగిరి, ఆ చుట్టుపక్కల గ్రామాల యువతీయువకులకు చరిత్ర అధ్యాపకులతో శిక్షణ ఇప్పించి, కోట దగ్గర కథ చెప్పేవారిగా నియమించండి. తెలుగుతో పాటు తమిళం, కన్నడం, హిందీ మాట్లాడగలవారు కావాలి, ఎందుకంటే తిరుమలకు వచ్చేవారు అందరూ తెలుగువారు కారు. కోటలో ధ్వని, కాంతి ప్రదర్శన ఉందన్న సంగతి నాకు తెలుసు, అది మంచిదే. కానీ చీకటి పడేదాకా ఆగలేని, రాత్రి రైలు అందుకోవలసిన యాత్రికులకు పగటిపూట చెప్పే మనిషే కావాలి.

వాళ్లు చెప్పేది నిజమై ఉండాలన్నది కూడా నా కోరిక. మద్రాసు స్థలాన్ని ఆంగ్లేయులకిచ్చిన పత్రం మీద రాజమహల్‌లోనే సంతకం జరిగిందని చాలామంది ధీమాగా చెబుతారు. కానీ 1639లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకు ఆ అనుమతి ఇచ్చినవాడు తీరాన్ని ఏలుతున్న దామర్ల వేంకటాద్రి నాయకుడు. చంద్రగిరి రాజుల అధికారం కిందనే అతడు ఉండేవాడు. తర్వాత 1645లో విజయనగర రాజు శ్రీరంగరాయలు కంపెనీకి మరో దానపత్రం ఇచ్చాడు. ఆ మరుసటి ఏడాదే కోట గోల్కొండ సుల్తానుల వశమైంది. ఉన్న చరిత్రే ఇంత ఆసక్తికరంగా ఉన్నప్పుడు దానికి కల్పనలు తగిలించడం దేనికి? ఐతిహ్యాన్ని ఐతిహ్యంగానే చెప్పవచ్చు. తిరుమలలో స్వామికి నైవేద్యం కాగానే కొండమీద మోగిన గంట విని దారిలోని మండపాల్లో వరుసగా గంటలు మోగించేవారని, ఆ మోత చంద్రగిరి చేరాకే రాజు భోజనానికి కూర్చునేవాడని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. పిల్లలు నోరు తెరుచుకొని వినే కథ అది.

రెండో విన్నపం రాకపోకల గురించి. దర్శన సమయం ముద్రించిన టోకెను చేతికి వచ్చాక ఎన్నో కుటుంబాలు తిరుపతిలో గంటల తరబడి ఖాళీగా కూర్చుంటాయి. బస్టాండు బెంచీల మీద, సత్రాల వరండాల్లో ఆ సమయమంతా గడిచిపోతుంది. టోకెన్లు ఇచ్చే కేంద్రాల దగ్గరి నుంచి శ్రీనివాస మంగాపురం మీదుగా కోటకు వెళ్లి, దర్శన వేళకు తిరిగి చేర్చే బస్సులు నడపండి. శ్రీవారి మెట్టు దారిన కొండ ఎక్కేవారు ఎలాగూ చంద్రగిరి దరిదాపుల దాకా వస్తున్నారు. వారికి కోట గురించి ఒక్క ముక్క చెప్పే ఏర్పాటు చేస్తే చాలు. రాజమహల్‌లోని పురావస్తు ప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు. ఆ సంగతి బస్సు ఎక్కేచోటే తెలిస్తే ముసలివారు, పసిపిల్లలతో వచ్చి మూసిన తలుపులు చూసి వెనుదిరిగే బాధ తప్పుతుంది. గండికోట, గుడిమల్లం, యాగంటి నుంచి తెచ్చిన శిల్పాలు లోపల ఉన్నాయి, అవి చూడకుండా వెళ్లడం ఎవరికైనా లోటే.

మూడోది విన్నపం కన్నా వేడుకోలు అనాలి. దయచేసి అక్కడ కొత్తగా ఏమీ కట్టకండి. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల వరకు నిర్మాణాలు నిషేధం, ఆపైన మరో 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. పర్యాటకం పేరుతో ఆ హద్దులను సడలించాలన్న ప్రతిపాదన ఎవరైనా తెస్తే మీరు దానికి అడ్డుపడాలి. పెద్దపెద్ద బండరాళ్లు పేర్చిన కోటగోడ, దాని వెనక కొండ, ఆ కొండ కింద మహలు ఒకే చూపులో కనిపించడమే చంద్రగిరి అందం. తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్లు, మెట్లెక్కలేని పెద్దలు కూర్చోవడానికి నీడ అవసరమే. వాటిని హద్దు బయట ఏర్పాటు చేయవచ్చు.

ఈ పనుల్లో ఏ ఒక్కటీ మీ శాఖ ఒక్కటే చేయగలిగింది కాదు. కేంద్ర పురావస్తు శాఖ, తిరుమల తిరుపతి దేవస్థానం, ఆర్టీసీ కలిసి కూర్చోవాలి, వారిని ఒకచోటికి పిలిపించగలిగిన స్థానంలో మీరున్నారు. బ్రహ్మోత్సవాల రద్దీలో మొదలుపెట్టమని అడగను. నవంబరు 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారం రోజులు ప్రయోగంగా రెండు బస్సులు, నలుగురు కథకులతో ప్రారంభించండి. ఎంతమంది వచ్చారో, ఏమడిగారో రాయించి ఆ లెక్క ప్రజల ముందు పెట్టండి. ఆదరణ కనిపిస్తే మరుసటి వారం కూడా ఆ బస్సులను ఆపకండి.

భవదీయుడు,
చంద్రగిరి కోటను ప్రేమించే ఒక యాత్రికుడు