అసలు కొలతకు ముద్రించని పీడీఎఫ్ ప్రింటింగ్ కాంపోనెంట్‌పై ఫిర్యాదు

హైదరాబాద్

సాంకేతిక సహాయ విభాగం అధిపతి గారికి,

విషయం: ‘యాక్చువల్ సైజ్’ పెట్టినా లేబుళ్లు 96 శాతానికి కుదించుకుపోవడం, జాబ్ (ముద్రణ పని) వేరే ప్రింటర్‌కు వెళ్లినా ప్రింట్ అయినట్టే చూపడం గురించి.

అయ్యా,

మందుల హోల్‌సేల్ గోడౌన్ల కోసం తయారుచేసిన మా విండోస్ అప్లికేషన్‌లో మీ పీడీఎఫ్ ప్రింటింగ్ కాంపోనెంట్‌ను (వేరే ప్రోగ్రాంలో కలుపుకునే సాఫ్ట్‌వేర్ భాగాన్ని) ఏడాది లైసెన్సుపై వాడుతున్నాం. విండోస్‌లోని షెల్ ‘ప్రింట్’ వెర్బ్‌తో, అంటే ఫైల్‌ను డిఫాల్ట్ ప్రోగ్రాంతో ప్రింట్ చేయించే ఆదేశంతో పని జరిపిస్తే ఆ కంప్యూటర్‌లో డిఫాల్ట్‌గా ఏ పీడీఎఫ్ ప్రోగ్రాం ఉందన్న దాని మీద ఆధారపడాలి. అది ప్రింట్ అయ్యాక కూడా తెరిచే ఉండిపోవచ్చు. ఆ బాధ తప్పుతుందనే మీ కాంపోనెంట్‌కు డబ్బు కట్టాం.

లేబుల్ కొలత 100 × 150 మి.మీ. ప్రింటర్ 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు) థర్మల్, వేడితో ముద్రించే రకం, అంటే మిల్లీమీటరుకు 8 చుక్కలు. బార్‌కోడ్ కోడ్ 128 రకం, అందులో అతి సన్నని గీత 0.25 మి.మీ., సరిగ్గా 2 చుక్కలు. డ్రైవర్ నాలుగు వైపులా 2 మి.మీ. చొప్పున ముద్రించలేని అంచుగా చెబుతుంది. మీ కాంపోనెంట్ పేజీ మొత్తాన్ని మిగిలిన 96 మి.మీ. వెడల్పులోకి కుదిస్తోంది. దాంతో 2 చుక్కల గీత 1.92 చుక్కలవుతుంది. చుక్కలో భాగాన్ని థర్మల్ హెడ్ ముద్రించలేదు కాబట్టి కొన్ని గీతలు 2 చుక్కలు, కొన్ని 1 చుక్క వస్తున్నాయి. కోడ్ 128లో అక్షరాన్ని గుర్తుపట్టేదే గీతల వెడల్పుల నిష్పత్తిని బట్టి. రెండు చుక్కల గీతలో ఒక చుక్క పోతే స్కానర్ ఏం చదువుతుంది?

దీనికి తోడు మీరు ప్రింటర్ ఏదైనా సరే పేజీని 300 డీపీఐ బిట్‌మ్యాప్‌గా (చుక్కల బొమ్మగా) మార్చి, తర్వాత 203కి కుదిస్తున్నారు. గీతల అంచులు బూడిద రంగుకు తిరుగుతాయి. డ్రైవర్ ఆ బూడిదను చెదురు చుక్కలుగా మారుస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే నల్లగీత అంచు రంపపు పళ్లలా కనిపిస్తుంది.

డ్రైవర్ అప్‌డేట్ చేయమని మీ విభాగం రెండుసార్లు రాసింది. తప్పు డ్రైవర్‌ది కాదు. పీడీఎఫ్‌లో సరిగ్గా 80 మి.మీ. గీత గీసి, అదే డ్రైవర్‌తో పీడీఎఫ్ రీడర్‌లో ‘యాక్చువల్ సైజ్’ పెట్టి ప్రింట్ తీస్తే స్కేలుపై 80 మి.మీ. వస్తోంది. మీ కాంపోనెంట్‌తో 76.8 మి.మీ. వస్తోంది. ఆ పీడీఎఫ్, రెండు లేబుళ్ల స్కాన్లు, ఇరవై లైన్ల నమూనా ప్రాజెక్టు జతచేశాం. పది నిమిషాల్లో మీరే చూసుకోవచ్చు.

చేయాల్సిన మార్పు కూడా చెబుతున్నాం. ప్రింటర్ వివరాలు చెప్పే విండోస్ ఫంక్షన్ గెట్‌డివైస్‌క్యాప్స్‌తో ప్రింటర్ అసలు డీపీఐ తీసుకుని నేరుగా ఆ డీపీఐలోనే గీయండి. ముద్రించలేని ఎడమ, పై అంచుల కొలతలైన ఫిజికల్‌ఆఫ్‌సెట్‌ఎక్స్, ఫిజికల్‌ఆఫ్‌సెట్‌వై విలువలంత (ఇక్కడ 16 చుక్కలు) పేజీని ఎడమకు, పైకి జరపండి. స్కేలింగ్ వద్దు. ఏకరంగు ప్రింటర్‌కు యాంటీ ఏలియాసింగ్ (అంచులను బూడిద రంగుతో నునుపు చేయడం) ఆపే సెట్టింగ్ ఇవ్వండి.

రెండోది ఇంకా ప్రమాదకరం. ప్రింటర్ పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా మీ ఫంక్షన్ ఎర్రర్ ఇవ్వదు. జాబ్‌ను డిఫాల్ట్ ప్రింటర్‌కు పంపి ‘ట్రూ’ (పని అయింది) అంటుంది. లేబుల్ ఆఫీసులోని ఏ4 ప్రింటర్‌లో పడి ఉంటుంది, గోడౌన్‌లో పెట్టె లేబుల్ లేకుండా లారీ ఎక్కుతుంది. పేరు దొరక్కపోతే ఎర్రర్ ఇవ్వాలి. ముద్రణ మొదలుపెట్టే విండోస్ ఫంక్షన్ స్టార్ట్‌డాక్ ఇచ్చే జాబ్ నంబర్‌ను మాకు తిరిగివ్వాలి, స్పూలర్‌లో (ప్రింట్ పనుల వరుసలో) ఆ జాబ్ ఏమైందో మేం చూసుకుంటాం.

పెద్ద రిపోర్టుల్లో మెమరీ కూడా వదలడం లేదు. 300 డీపీఐలో ఒక ఏ4 పేజీ 2480 × 3508 పిక్సెళ్లు, పిక్సెల్‌కు 4 బైట్లు, అంటే సుమారు 35 ఎంబీ. 40 పేజీలకు దాదాపు 1.4 జీబీ పట్టుకుని కూర్చోవడంతో పరిమిత మెమరీయే వాడగల 32 బిట్ అప్లికేషన్ మధ్యలోనే ఆగిపోతోంది. ఒక్కో పేజీ పంపగానే దాని బిట్‌మ్యాప్‌ను విడిచిపెట్టాలి.

కొలత, ప్రింటర్ పేరు సమస్యలకు 30 రోజుల్లోగా సరిచేసిన వెర్షన్ ఇవ్వండి. వీలుకాకపోతే లైసెన్సులో మిగిలిన కాలానికి సరిపడా సొమ్ము వాపసు చేయండి. ఈలోగా, లేబుళ్ల ముద్రణకు ఈ వెర్షన్ పనికిరాదని మీ డాక్యుమెంటేషన్‌లో రాయండి. దీన్ని కొన్న మిగతావాళ్ల గోడౌన్లలోనూ ఇవే లేబుళ్లు వస్తుంటాయి.

ఇట్లు,
సాఫ్ట్‌వేర్ విభాగం