పల్లెలో ఇల్లు కట్టేముందు అమ్మానాన్నలు పడుకునే గది చూడండి

సంపాదకులకు నమస్కారం.

మా కోనసీమలో పాత పెంకుటిళ్లు తీసేసి డూప్లెక్స్‌లు కడుతున్నారు. మా ఇంట్లోనూ మొన్న సంక్రాంతికి అదే మాట వచ్చింది, తమ్ముడు సిటీలో ప్లాన్ గీయించి తెచ్చాడు. కింద పెద్ద హాలు, పైన నాలుగు బెడ్‌రూములు, అన్నిటికీ అటాచ్డ్ బాత్రూములు. ఏడాది పొడవునా ఆ ఇంట్లో ఉండేది 81 ఏళ్ల నాన్న, మోకాళ్లు అరిగిపోయిన అమ్మ. వాళ్లు పడుకునేది ఎక్కడా అని వెతికితే మెట్ల పక్కన ఇరుకు గది కనపడింది, దానికి బాత్రూం కూడా లేదు.

రెండేళ్ల కిందట నాన్న రాత్రిపూట బాత్రూంలో జారిపడ్డారు. నున్నటి టైల్స్, పైగా తడి. తలుపేమో లోపలికి తెరుచుకునేది, ఆయన సరిగ్గా దానికి అడ్డంగా పడ్డారు. తోస్తే ఆయనకే తగులుతుంది, తోయకపోతే లోపలికి వెళ్లే దారి లేదు. పక్కింటి అబ్బాయి వచ్చి తలుపు ఊడదీసేదాకా అమ్మ బయట నిలబడి "ఏమండీ, ఏమండీ" అని పిలుస్తూనే ఉందట. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. బాత్రూం తలుపు బయటికి తెరుచుకోవాలి, వాకర్ పట్టేలా మూడడుగుల వెడల్పుండాలి, గొళ్లెం బయటి నుంచి కూడా తీయగలగాలి, గరుకు టైల్స్ వేయాలి, కమోడ్ పక్కన గోడకి గట్టి కడ్డీ బిగించాలి. కట్టేటప్పుడే చేయిస్తే వీటికయ్యే ఖర్చు ఎంతని!

మాకు వరద భయం కాబట్టి ఇంటి మట్టం రెండున్నర అడుగులు లేపక తప్పదు. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు కావాలి, అంటే ముప్పై అడుగుల ర్యాంపు. తిన్నగా కడితే వాకిలి దాటి రోడ్డు మీదకొస్తుంది, అందుకే వసారా పక్కగా మలుపు తిప్పి పెట్టమన్నాను. గడప లేని ఇల్లు అమ్మ ఒప్పుకోదు, పసుపు రాయకుండా ఆవిడకి తెల్లారదు. సింహద్వారానికి గడప ఉంచి, ర్యాంపు ఎక్కే పక్క తలుపుకి తీసేస్తే సరిపోతుంది.

ఇక నాలుగు బెడ్‌రూముల సంగతి. పండక్కి పదిహేడు మందిమి దిగుతాం, నాలుగు రోజులుండి వెళ్లిపోతాం. తర్వాత ఆ గదులకి తాళాలే, చెమ్మ, చెదలు. వాటి బదులు ఇంటి నడుమ పైకప్పు లేకుండా మండువా పెట్టి చుట్టూ వెడల్పాటి వసారా వదిలితే పిల్లలందరూ అక్కడే వరసగా పడుకుంటారు, నాన్న మంచం మీంచే అందరినీ చూస్తారు. వాన నీళ్లు పోయే తూము, పైన ఇనుప గ్రిల్ ఉంటే చాలు. ఒక్క గదికి మాత్రం శ్లాబు వేయాలి. 1996 నవంబరు తుఫానుకి మా పెంకులన్నీ లేచిపోయాయి, ఆ రాత్రంతా పక్కవాళ్ల శ్లాబింట్లో తలదాచుకున్నాం.

తమ్ముడు ఇప్పుడు ప్లాన్ మార్పిస్తున్నాడు. మీ పేపర్లో వాస్తు గురించి రాసినట్టే ఇలాంటి ఇళ్ల ప్లాన్లు కూడా కొలతలతో సహా అచ్చు వేయండి. పల్లెల్లో ఇల్లు మొదలుపెట్టేవాళ్లు మేస్త్రీకి ఆ కాగితం చూపించి కట్టించుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, రాజోలు