ఉత్తమ ఉద్యోగికి జీతమెప్పుడు?

సంపాదకులకు నమస్కారం.

పంద్రాగస్టు మర్నాడు మీ జిల్లా ఎడిషన్‌లో ‘ఉత్తమ ఉద్యోగులకు ప్రశంసాపత్రాలు’ అంటూ అర పేజీ వేశారు. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు. ఫొటోలో మంత్రిగారు, కలెక్టరుగారు కళకళలాడుతున్నారు. పత్రం అందుకుంటున్న మనిషి మొహం మాత్రం మంత్రిగారి మోచెయ్యి వెనక దాగిపోయింది.

నేను మున్సిపల్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరైనవాణ్ణి. ఈ జాబితాలు ఎలా పుడతాయో నాకు తెలియనిది కాదు. ఆగస్టు రెండో వారంలో కలెక్టరేట్ నుంచి ‘వెంటనే ప్రతిపాదనలు పంపండి’ అని కబురొస్తుంది. సాయంత్రంలోగా పేర్లు వెళ్లాలి. ఆ హడావుడిలో సారుకి గుర్తొచ్చేదెవరు? పేషీ గుమాస్తా, కారు డ్రైవరు, ఏడాది పొడుగునా వెంట తిరిగే మరో ఇద్దరు ముగ్గురు. తెల్లవారకముందే చీపురు పట్టే మనిషి ఆయన కంట పడే అవకాశమే లేదు, ఆయన లేచేసరికి వీధి ఊడ్చేసి ఉంటుంది కదా! మరీ బాగుండదని చివర్లో ఒక పారిశుద్ధ్య కార్మికురాలి పేరు చేరుస్తారు. ఆవిణ్ణి పొద్దున్నే పరేడ్ గ్రౌండుకి రప్పించి, ఎండలో నిలబెట్టి, అందరి పేర్లూ అయ్యాక పిలుస్తారు. పెద్దలకి షామియానా, కూలర్లు.

ఈ ఎంపిక ఎంత గొప్పదో 2019లోనే తేలింది. మహబూబ్‌నగర్‌లో ఆగస్టు 15న మంత్రి చేతుల మీదుగా ఉత్తమ కానిస్టేబుల్ పత్రం అందుకున్నాయన మర్నాడే లంచం తీసుకుంటూ ఏసీబీకి దొరికాడు. అందరూ నవ్వుకున్నారు, అంతటితో సరి.

పత్రాలు ఇచ్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అందులో ఉన్న ఔట్‌సోర్సింగ్ వాళ్లకి జీతం ఏ తారీఖున పడుతోందో మీ విలేకరి అడిగి ఉండాల్సింది. మా ఊళ్లో వాళ్లకి ఒకటో తారీఖు జీతమన్న మాటే లేదు. ఏడో తారీఖులోపు, వెయ్యిమందీ అంతకు మించీ ఉన్నచోట పదో తారీఖులోపు ఇచ్చి తీరాలని తెల్లవాడు 1936లోనే చట్టం చేసిపోయాడు, 2025లో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అదే నడిచింది. కాంట్రాక్టరు ఎగ్గొడితే పని చేయించుకున్న యజమానే చెల్లించాలని, అదీ 2025 దాకా నడిచిన 1970 చట్టంలో మనవాళ్లే రాసుకున్నారు. అడిగితే కాంట్రాక్టరు బిల్లు రాలేదంటాడు, ఆఫీసువాళ్లు ట్రెజరీలో ఉందంటారు. నేను సెక్షన్‌లో ఉన్న రోజుల్లో, సారు సమీక్షలో ఉన్నారంటూ ఒక్క సంతకం కోసం ఆ ఫైలు వారమేసి రోజులు పడుకునేది.

సబ్బులు, కొబ్బరినూనె, చెప్పులు, యూనిఫాం వాళ్లకి న్యాయంగా రావాల్సినవి. అవీ బకాయే. మా వీధికొచ్చే ఆవిడ కుడిచేతికి రబ్బరు గ్లౌజు, ఎడమచేతికి ఎవరో చెత్తలో పారేసిన మోటారుసైకిల్ గ్లౌజు. శాలువా ఖరీదుకి ఎన్ని జతలొస్తాయో లెక్క వేయలేనంత చదువురానివాళ్లా మన అధికారులు?

నిరుడు ఇంకో వింత జరిగింది. సిబ్బందిలో ఉత్సాహం నింపాలని టౌన్‌హాల్లో మోటివేషన్ క్లాసు పెట్టారు. సూటూ బూటూ వేసుకొచ్చినాయన ‘చేసే పనిని ప్రేమించండి’ అని మైకు వదలకుండా వాయించాడు. నాలుగింటికి లేచి పనికొచ్చినవాళ్లు కుర్చీల్లోనే కునికిపాట్లు పడుతుంటే మేస్త్రీలు తట్టి లేపడం! ఆయనగారి ఫీజు మాత్రం ఆ పూటే ముట్టిందట.

జీతం ఇవ్వకుండా పొగడ్తతో సరిపెట్టే ఈ రోగం మనకి కొత్తేం కాదు. 2020 మార్చి 22న చప్పట్లు కొట్టాం, మే 3న ఆస్పత్రుల మీద హెలికాప్టర్లతో పూలు చల్లించాం. 2022లో ఆశ కార్యకర్తలకి ప్రపంచ ఆరోగ్య సంస్థే అవార్డిచ్చింది. ఆ తర్వాత కూడా వాళ్లు జీతాల కోసం ధర్నాలు చేయాల్సే వచ్చింది. 2023 డిసెంబరు చివర్లో ఆంధ్రలో మున్సిపల్ కార్మికులు సమ్మెకి దిగి, వీధి చివర చెత్త కుప్పలు కంపు కొట్టాక గాని వాళ్లూ మనుషులేనని మనకి తోచలేదు.

ఒకప్పుడు కమిషనర్లు కొందరైనా పొద్దున్నే మస్టరు వేసే చోటికి వచ్చి ‘ఏమ్మా, పిల్లాడికి జ్వరం తగ్గిందా’ అని అడిగేవారు. ఇప్పుడు హాజరు కోసం ఫోనుకి మొహం చూపించాలి. సిగ్నల్ అందకపోతే పని చేసినా చేయనట్టే. నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు తల్లి వయసున్న మనిషిని ‘ఏయ్, నిన్నే’ అని పిలుస్తాడు. నిధులు లేవంటే సరే అనుకుందాం, ‘అమ్మా’ అనడానికి ఏ జీవో రావాలి?

జనవరి 26కి మళ్లీ జాబితా వస్తుంది, మీరు మళ్లీ వేస్తారు. ఈసారి ప్రతి పేరు పక్కనా ఆ మనిషికి కిందటి నెల జీతం ఏ తారీఖున పడిందో కూడా వేయండి. చోటు చాలకపోతే మంత్రిగారి ఫొటో కాస్త తగ్గించండి.

— ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంట్