క్యారేజీ మూత ధైర్యంగా తీయనివ్వండి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల ఎనిమిదో తరగతి పిల్లలు ఇంట్లో తిని పారేసిన ప్యాకెట్లు తెచ్చి, వాటి వెనక ఉన్న చిన్నచిన్న అక్షరాలు చదివారు. సోడియం అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పెంతో తేలుతుంది. ఒక చిన్న నూడుల్స్ ప్యాకెట్‌లో 2 గ్రాముల దాకా వచ్చింది. పెద్దవాళ్లకే రోజంతటికీ 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ బరువుంటే దాని పేరే ముందు రాయాలి. చాలావాటి మీద ముందున్నవి మైదా, పామాయిల్.

కొవ్వు, ఉప్పు, పంచదార ఎక్కువున్న తినుబండారాలను బడిలోనూ, గేటుకు 50 మీటర్ల లోపూ అమ్మకూడదని 2020లోనే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన తెచ్చింది. గేటు సంగతి మేం చూసుకుంటాం. ఇంటి నుంచి వచ్చే క్యారేజీ మాత్రం మీ చేతుల్లోనే ఉంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే విషయం. చోడిపిండి (రాగిపిండి) రొట్టె, ఉలవగుగ్గిళ్లు తెచ్చుకున్న పిల్లలు మూత సగమే తీసి, గోడవైపు తిరిగి తింటున్నారని టీచర్లు చెప్పారు. పక్కవాళ్లు నవ్వుతారని భయమట. మన విజయనగరం జిల్లాలో చోడంబలి తాగకుండా పెరిగిన పెద్దవాళ్లు ఎంతమంది ఉంటారు? 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో 10 కూడా ఉండదు. అవే చోళ్లు 'రాగి బిస్కట్లు' అని తళతళలాడే ప్యాకెట్‌లో వస్తే మాత్రం గొప్పగా కొంటాం. ఓసారి దాని వెనక కూడా చదవండి.

పొద్దున్నే బస్సు టైము, ఇద్దరివీ ఉద్యోగాలు, ఆ టెన్షన్ మాకూ ఉంది. రెండు కూరలు చేసి పంపమని అడగడం లేదు. పప్పన్నం, ఉడికించిన గుడ్డు, నిమ్మకాయ పులిహోర, రాత్రి నానబెట్టిన శనగల తాలింపు, ఏదైనా చాలు. ఇదంతా అమ్మలకే రాస్తున్నానని నాన్నలు అనుకోవద్దు. గుడ్డు పొట్టు తీయడం, నిమ్మకాయ పిండడం ఆరో తరగతి పిల్లలకూ వచ్చు.

సోమవారం నుంచి టీచర్లు కూడా పిల్లలతో కలిసి వరండాలోనే భోంచేస్తారు. ఒకరి క్యారేజీ చూసి ఇంకొకరు నవ్వితే ఊరుకోం. ప్యాకెట్ తెచ్చిన పిల్లల్ని నలుగురిలో నిలబెట్టం, డైరీలో మీకు రాస్తాం. పుట్టినరోజులకు చాక్లెట్ల బదులు నువ్వుండలో అరటిపళ్లో పంపితే సంతోషం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
విజయనగరం