పట్టా కింద పట్టిన చెమట

ఒరేయ్ మామా,

జవాబు ఇంత ఆలస్యమైనందుకు ఏమనుకోకు. ఇక్కడ అందరూ కులాసా, చిన్నదాని పరీక్షలు అయిపోయాయి, మిగతావి మరోసారి. ముందు నీ క్రికెట్ పిచ్ సంగతి.

"వాన చుక్క పడలేదు, మూడు రోజులు టార్పాలిన్ పట్టా కప్పే ఉంచాం, అయినా పొద్దున్నే చూస్తే మెత్తగా ఉంది, నీళ్లెక్కడివి?" అన్నావు కదా. పైనుంచి రాలేదురా, కిందినుంచే వచ్చాయి! ఇడ్లీ పాత్ర మూత లోపలివైపు చూడు. నల్లరేగడిలో ఉన్న తడి పగటి వేడికి ఆవిరై పట్టాకి అంటుకుంటుంది. రాత్రి చల్లబడగానే చుక్కలై మళ్లీ పిచ్ మీదే రాలుతుంది. కింద గట్టిగానే ఉంటుంది, పైపొర ఒక్కటే జిగురవుతుంది. అక్కడ బంతి పడితే ఒకటి ఆగి వస్తుంది, ఇంకోటి గభాల్న లేస్తుంది. గరిక కూడా గాలాడక పసుపెక్కుతుంది. అన్నాళ్లు నీళ్లు పెట్టి, రోలర్ లాగి తయారుచేసుకున్న పిచ్ అలా అయిందంటే మనసు చివుక్కుమంది.

ప్లాస్టిక్‌ని మట్టికి తగలనివ్వకు. ముందు గోనెపట్టా పరిచి, దానిమీద వెయ్యి. ఆ చెమటని గోనె పీల్చుకుంటుంది. తడిసిన గోనెని ఎండబెట్టకుండా మళ్లీ పరిచావో, మొదటికే వస్తుంది. వాన లేనప్పుడు ఎండ రాగానే తీసెయ్యి. 22 గజాల పొడవు, 10 అడుగుల వెడల్పుకి సరిపోయేంత పట్టా చాలదు, అంచులు నాలుగువైపులా బాగా బయటికి రావాలి. లేకపోతే పక్కనుంచి నీళ్లు లోపలికి పాకుతాయి.

వానపడ్డాక తీసేటప్పుడే అసలు నష్టం. ఇద్దరు చెరో మూలా పట్టుకుని ఈడిస్తే, మధ్యలో నిలిచిన నీళ్లన్నీ పిచ్ మీదే ఒలుకుతాయి. ముందు వైపర్‌తో నీళ్లు పల్లంవైపు తోసెయ్యండి. తర్వాత నలుగురు పొడుగంచు పట్టుకుని, చాప చుట్టినట్టు పల్లంవైపే చుట్టుకుంటూ పోవాలి.

ఇప్పుడు కంగారుపడి రోలర్ ఎక్కించకు! బొటనవేలితో నొక్కి చూడు. మట్టి వేలికి అంటితే ఆగు: రోలర్‌కి అంటుకుని పెచ్చులు లేస్తాయి, దాని ముందున్న మట్టి అలలా ఉబ్బుతుంది. వేలిముద్ర పడి మట్టి అంటకపోతే అదే అదను. తేలిక రోలర్‌తో మొదలుపెట్టి, నడకకన్నా నెమ్మదిగా లాగాలి, బరువుది తర్వాత. ముద్రే పడలేదంటే అదను దాటినట్టే, ఎంత లాగినా లోపల గట్టిపడదు.

అవునూ, ఇసుక చల్లుదామన్నది ఎవరు? వద్దంటే వద్దు. రేగడిలో ఇసుక పడితే పట్టు పోయి, బంతి పడ్డచోటల్లా పొడి రాలుతుంది. బౌలర్లు కాలేసే గుంటల్లోకి కూడా అదే రేగడి, కాస్త తడిపి, దిమ్మిసతో...

బస్సు హారన్ కొడుతున్నాడు, ఈ ఉత్తరం పట్టుకుని మీ ఊరొచ్చే కుర్రాడు ఎక్కేస్తున్నాడు. గుంటల సంగతి ఫోన్లో చెప్తా. ఈలోగా గోనెలు ఎండెయ్యి.

నీ
మామ