నడుము పడిపోయినవాళ్లకు ఆపరేషన్ తర్వాత దిక్కెవరు?

సంపాదకులకు నమస్కారం.

తాటిచెట్టు మీది నుంచి పడి గీత కార్మికుడికి తీవ్ర గాయాలు అనే వార్త మీ జిల్లా పేజీలో తరచూ కనిపిస్తుంది. ప్రాణం పోతే మర్నాడు ఇంకో వార్త వేస్తారు. బతికితే మాత్రం ఆ మనిషి సంగతి మళ్లీ రాదు. వెన్నుపాము దెబ్బతిని, నడుము కింద స్పర్శ లేకుండా ఏళ్ల తరబడి బతుకుతున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. చెట్టెక్కేటప్పుడు కట్టుకునే మోకు జారి పడ్డాను. ఇప్పుడు చక్రాల కుర్చీలో కూర్చుని మండల కేంద్రంలో జిరాక్స్ షాపు నడుపుకుంటున్నాను.

2024లో మన తెలంగాణ ప్రభుత్వం చెట్టు మీది నుంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని, అందరికీ అందాలి. నేను రాస్తున్నది ఇప్పటికే పడినవాళ్ల గురించి.

ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేస్తారు, రాడ్లు వేస్తారు, కుట్లు ఆరాక ఇంటికి పంపుతారు. డిశ్చార్జి కాగితం మీద ‘ఫిజియోథెరపీ’ అని ఒక్క మాట ఉంటుంది. రోడ్డు ప్రమాదాల్లో దెబ్బ తగిలినవాళ్ల కోసం కేంద్రం 2025లో తెచ్చిన నగదు రహిత చికిత్స కూడా ఏడు రోజుల వరకే, లక్షన్నర వరకే. ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతకాల్సి వస్తే ఎలా బతకాలో మాకూ, ఇంట్లోవాళ్లకూ నేర్పేవాళ్లు ఉండరు.

కనపడిన ప్రతివాళ్లూ కాళ్లు వస్తాయా అని అడుగుతారు. మా టెన్షన్ కాళ్ల గురించి ఎప్పుడో పోయింది. మమ్మల్ని చంపేవి పుండూ, మూత్రం ఇన్ఫెక్షనూ. స్పర్శ లేని చోట బరువు కదలకుండా ఉంటే రెండు మూడు గంటల్లోనే చర్మం కమిలిపోతుంది. నొప్పి తెలియదు కాబట్టి చూసుకునేసరికి గుంట పడి, ఒక్కోసారి ఎముక దాకా వెళ్తుంది. అందుకే షాపులో అరగంటకోసారైనా రెండు చేతుల మీదా ఆని పైకి లేస్తుంటాను. కొత్తగా వచ్చినవాళ్లు కసరత్తు చేస్తున్నాననుకుంటారు. రాత్రి నా భార్య ఫోన్ లైటు వేసి వీపు కింద, మడమల దగ్గర ఎక్కడైనా ఎర్రబడిందేమో చూస్తుంది. కుర్చీ ఉచితంగా ఇచ్చేవాళ్లు ఉన్నారు, ఫొటోలు కూడా దిగుతారు. కానీ ఆ కుర్చీలో పుండు పడకుండా కూర్చోవడానికి కావాల్సిన మెత్త ఎవరూ ఇవ్వరు. బజారులో దొరికే స్పాంజి ముక్క నెలలోపే అణిగిపోతుంది.

మూత్రం సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడతాం, అందుకే ఇది ఎవరికీ తెలియదు. రోజుకు నాలుగైదు సార్లు సన్నటి పైపు పెట్టుకుని తీసేయాలి. ఒకసారి వాడి పడేయాల్సిన పైపును కడిగి, ఆరబెట్టి, మళ్లీ మళ్లీ వాడుతున్నాం. పెళ్లికో, ఆఫీసు పనికో వెళ్లాల్సి వస్తే ముందు రోజు నుంచే నీళ్లు తాగడం మానేస్తాం, అక్కడ మా కుర్చీ పట్టే బాత్రూమ్ ఉండదు కాబట్టి. ఆ మానేయడమే రాళ్లకూ, జ్వరాలకూ దారి.

దెబ్బ మెడ దగ్గరో, ఛాతీ పై భాగంలోనో తగిలినవాళ్లకు ఇంకో గండం ఉంది. పైపు మూసుకుపోయి మూత్రం నిండినా, మలబద్ధకం అయినా బీపీ ఒక్కసారిగా పెరిగి తల పగిలిపోతున్నట్టు ఉంటుంది, ముఖం మీద చెమటలు పోస్తాయి. అలాంటప్పుడు ముందు పైపు చూడాలి. ఊళ్లో డాక్టరు బీపీ మాత్ర ఇచ్చి పంపేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఇవన్నీ నాకు తమిళనాడులోని వేలూరులో తెలిశాయి. అక్కడి సీఎంసీ ఆసుపత్రిలో మాలాంటివాళ్ల కోసం పునరావాస కేంద్రం పెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ కూడా 1954లో కారు ప్రమాదంలో నడుము పడిపోయినవారే. చక్రాల కుర్చీలోనే కూర్చుని ఆపరేషన్లు చేసేవారట. రోగితో పాటు ఇంటి మనిషినీ కూర్చోబెట్టి తిప్పడం, ఎత్తడం, పైపు పెట్టడం చేతులతో చేయించి నేర్పుతారు. మా వైపు నుంచి అంత దూరం వెళ్లి, వారాల తరబడి ఉండగలిగేవాళ్లు ఎంతమంది?

కొత్త పథకమేమీ అక్కర్లేదు. మన రాష్ట్రంలో క్యాన్సర్ రోగుల ఇళ్లకూ, మంచాన పడ్డవాళ్ల ఇళ్లకూ వెళ్లే ‘ఆలన’ వాహనాలు ఉన్నాయి. అందులోని నర్సుకు వెన్నుపాము గాయాల మీద శిక్షణ ఇచ్చి, నెలకోసారి మా ఇళ్లకూ పంపితే పుండు చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది. పైపులు, మెత్తలు పీహెచ్‌సీలో బీపీ, షుగర్ మాత్రలు ఇచ్చినట్టే ఇవ్వాలి. పుండు ముదిరాక ప్లాస్టిక్ సర్జరీకి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకి వచ్చేది కాదు.

పింఛను మాట కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు నెలకు 15,000 రూపాయలు చేశారు. ఇక్కడ 2023లో 4,016 రూపాయలకు పెంచారు. ఎన్నికలప్పుడు 6 వేలు అన్నారు. అసలు నాతో పాటు పని మానుకుని ఇంట్లో ఉండిపోయే మనిషి కూలి ఏ లెక్కలోనూ లేదు. నా భార్య పొలం పనికి వెళ్తే మధ్యాహ్నం నన్ను చూసేవాళ్లు ఉండరు, వెళ్లకపోతే ఇల్లు గడవదు.

జిల్లాలో మాలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో ముందు కలెక్టరు గారు పేర్లు రాయించాలని కోరుతున్నాను. ఆ క్యాంపు మాత్రం దయచేసి మెట్లు లేని చోట పెట్టించండి. వికలాంగుల సర్టిఫికెట్ కోసం వెళ్లిన సదరం క్యాంపులో నన్ను మొదటి అంతస్తుకు నలుగురు మోసుకెళ్లారు.

ఇట్లు,
ఒక మాజీ గీత కార్మికుడు,
యాదాద్రి భువనగిరి జిల్లా