సూది గుచ్చుకుంటే భయపడకుండా చెప్పగలగాలి

సంపాదకులకు,

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో జీఎన్ఎం డిప్లొమా, బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న తెలుగు పిల్లలు ఎక్కువగా తడబడేది వార్డు డ్యూటీలు మొదలైన తొలి నెలల్లో. అప్పుడు వాళ్లకు ధైర్యం నూరిపోస్తే చాలదు. కాలేజీ, హాస్టల్ ముందే చేసిపెట్టవలసిన ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి.

మొదటిది భాష. పుస్తకం ఇంగ్లిషులో ఉంటుంది. రోగి ఒడియాలో చెబుతాడు, పర్లాకిమిడి కొండ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లయితే సవర భాషలో చెబుతారు. వివరాలు రాసుకోలేక అందరి ముందూ మాటపడ్డ పిల్ల తనకు తెలివే లేదనుకుంటుంది. పోస్టింగుకు రెండు వారాల ముందు నుంచి రోజూ అరగంట, ఒడియా తోటి విద్యార్థులతో జతకట్టించి వార్డు మాటలు సాధన చేయించాలి. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, విరేచనాలు ఎన్నిసార్లు, మూత్రం వస్తోందా అన్న ప్రశ్నలు త్వరగానే పట్టుబడతాయి. చిక్కంతా రోగి ఇచ్చే జవాబు అర్థం చేసుకోవడంలోనే. అందుకని జవాబులే ఎక్కువ వినిపించాలి. పదిమందికి ఒక ట్యూటర్ అన్నది నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ ట్యూటర్ కాలేజీలో కాదు, వార్డులో ఉండాలి.

రోగికి వాడిన సూది పొరపాటున తమకు గుచ్చుకోవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. తిడతారన్న భయంతో పిల్లలు దీన్ని దాచిపెడతారు. ఆ తర్వాత వారాల తరబడి నిద్రపట్టదు, జ్వరం తగిలితే చాలు హెచ్ఐవీ అని వణికిపోతారు. నిజానికి హెచ్ఐవీ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకున్నా అది సోకే అవకాశం వెయ్యికి మూడు మాత్రమే. గుచ్చుకున్న చోట పిండకుండా, బ్లీచింగ్ పోయకుండా, సబ్బుతో పారే నీటి కింద కడిగి వెంటనే చెప్పాలి. హెచ్ఐవీ నివారణ మందులు రెండు గంటల్లో మొదలైతే మేలు, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. హెపటైటిస్-బి దీనికంటే తేలిగ్గా సోకుతుంది, కానీ దానికి టీకా ఉంది. మూడు డోసులు 0, 1, 6 నెలలకు వేయాలి గనుక మొదటి డోసు అడ్మిషన్ వారంలోనే పడాలి. పోస్టింగ్ ముందురోజు హడావుడి పడితే ఏం లాభం? చెప్పిన పిల్లను తిట్టబోమని ప్రిన్సిపాల్ సంతకంతో రాసి ప్రతి వార్డులో అంటించండి.

హాస్టల్ గదులు బ్యాచ్‌ను బట్టి కాక డ్యూటీని బట్టి కేటాయించాలి. నైట్ చేసొచ్చి పడుకున్న పిల్ల పక్కనే పగటి డ్యూటీ వాళ్లు లైటు వేసి తయారవుతుంటే ఆమెకు రెండు మూడు గంటల కునుకే దక్కుతుంది. నిద్ర తగ్గినకొద్దీ ఏడుపు, చిరాకు, మందుల డోసుల్లో పొరపాట్లు పెరుగుతాయి. కిటికీకి ముదురు రంగు తెర, లేచాక తినడానికి విడిగా తీసిపెట్టిన అన్నం. పెద్ద ఖర్చేమీ కాదు. నైట్లు ముగిసిన మర్నాడే ఉదయం డ్యూటీ వేయకూడదు.

తాను చూసుకున్న రోగి మొదటిసారి చనిపోయిన రోజున ట్యూటర్ పావుగంట పక్కన కూర్చుని ఏం జరిగిందో, చికిత్సలో ఏం చేశారో చెప్పాలి. తన వల్లే పోయాడేమో అన్న అనుమానం ఆ పిల్ల మనసులో మిగలకూడదు.

ఇక కౌన్సెలర్ సంగతి. చాలాచోట్ల ఆ బాధ్యత మానసిక నర్సింగ్ చెప్పే టీచరుకే అప్పగిస్తారు. ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి దగ్గర ఎవరు మనసు విప్పుతారు? మార్కులతో సంబంధం లేనివారిని, వీలైతే తెలుగు వచ్చినవారిని, వారానికోసారి బయటి నుంచి రప్పించండి. అంతవరకూ 14416 ఉంది. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆ నంబరు నోటీసు బోర్డు మీద పెడితే అందరూ చూస్తుండగా రాసుకోవడానికి పిల్లలు జంకుతారు. స్నానాల గది తలుపు లోపలివైపు అంటించండి.

— నర్సింగ్ అధ్యాపకులు, పర్లాకిమిడి, గజపతి జిల్లా